సొరుగు అడుగున పేరు

సిరిసిల్లలో భాగ్య కొత్తింట్లో, పాతింటి నుంచి తెచ్చి పెట్టిన అల్మారాలో కింది సొరుగు లాగాను. సగం దాకా వచ్చి గర్రుమని ఆగిపోయింది. లోపలి నుంచి పాత కొవ్వొత్తి మైనం, చెక్కపొట్టు కలిసిన వాసన వచ్చింది. ఏడేళ్ల కిందట ఇదే సొరుగు ముందు ఏడుపు రాకుండా పళ్లు బిగబట్టుకుని కూర్చున్నాను. ఇవాళ అసలే నా మనసు బాగాలేదు. పొద్దున్నే రాజవ్వను పనిలోంచి తీసేసి బస్సెక్కాను. రాజవ్వ నా దగ్గర రెండు నెలలుగా బిగింపు పని నేర్చుకుంటోంది. వీర్నపల్లిలో ఒక బల్ల పాడుచేసి, నాకు చెప్పకుండా దాచింది. "రేపటి నుంచి రాకు" అన్నాను. ఆమె వెళ్లిపోయింది.

"భాగ్యా, డ్రాల ఉన్నయన్ని నువ్వే తియ్యి" అని చెప్పి గోడ వైపు తిరిగి నిలబడ్డాను. ఈ అలవాటు నాది కాదు, లింగయ్య కాకది. మల్లాపూర్ దగ్గర కల్లు గీసేందుకు తాళ్లెక్కే ఇంట్లో పుట్టిన మనిషి. నలభై దాటాక చెట్టు మీంచి పడి తుంటి విరిగితే, ఎడమ కాలు ఈడుస్తూనే జగిత్యాల వచ్చి కొత్త పని నేర్చుకున్నాడు. డబ్బాల్లో ముక్కలుగా వచ్చే అల్మారాలను ఇళ్లకు వెళ్లి బిగించే పని అది. ఆయన పనిచేసే షాపులోనే నేను ఊడ్చేదాన్ని. అంతకు ముందు కోరుట్లలో బీడీలు చుట్టి చుట్టి దగ్గు తెచ్చుకున్నాను. ఊడుస్తూ దొరికిన స్క్రూలను పారేయబుద్ధి కాక, సైజుల ప్రకారం డబ్బాల్లో వేసి పెట్టేదాన్ని. ఒకరోజు కాక ఆ డబ్బాలు చూసి, "గివన్ని ఎవలు ఏరిండ్లు?" అని అడిగాడు. నేనేనన్నాను. "నీ కన్ను మంచిగున్నది. చీపురు పక్కకు పెట్టి నా ఎంబడి రా బిడ్డా" అన్నాడు. షాపు యజమాని సేటు పకపకా నవ్వాడు. "ఆడమనిషా ఫిట్టరు! సరే, మూడు నెలలు చూస్త. ఒక్క కంప్లైంట్ అచ్చినా మళ్ల చీపురే" అన్నాడు. ఆ నవ్వు నాకు కళ్లలో కారం కొట్టినట్టయింది. చచ్చినా మళ్లీ చీపురు పట్టనని ఆ రోజే అనుకున్నాను.

మొదటిసారి ఆయనతో వెళ్లింది కోరుట్లలో ఒక టీచరమ్మ ఇంటికి. సొరుగు పట్టేస్తోందని ఆమె కొడుకు అప్పటికే రెండుసార్లు కాలితో తన్నాడట. కాక సంచీ విప్పలేదు. ముందు ఆమెనే సొరుగు ఖాళీ చేయమని, గోడ వైపు తిరిగాడు. "ఆడోళ్ల డ్రాల ఏముంటదో మనకెందుకు? నువ్వు సుత అటు తిరుగు" అని నన్నూ తిప్పాడు. తర్వాత జేబులోంచి ఒక తాడు తీశాడు. చెట్లెక్కిన రోజుల్లో నడుముకు చుట్టుకున్న మోకులోంచి విప్పిన పేట అది, ఎంత లాగినా సాగదు. దాంతో అల్మారా వెనక ఈ మూల నుంచి ఆ మూలకు కొలిచి ముడి వేశాడు. రెండో జత మూలలకు పట్టి చూపించాడు. రెండు కొలతలూ ఒక్కటే కావాలి, కానీ ముడి రెండు వేళ్లు అటు పోయింది. "చూసినవా? అందరు డ్రాను తిడుతరు. డ్రాకేమైంది? గూడు వంకర నిలబడ్డది, అది ఎట్ల పోతది లోపలికి?" అన్నాడు. వెనక చెక్క ఊడదీసి, సొరుగు దూరే గూటిని సరిచేసి మళ్లీ బిగించాక సొరుగు కిక్కురుమనకుండా వెళ్లింది. చివర దాన్ని బోర్లించి, పెన్సిల్‌తో అడుగున 'లింగయ్య' అని రాశాడు. ఆయనకు వచ్చిన రాత అదొక్కటే, అదీ ఒక్కో అక్షరం ఒక్కో దిక్కు చూస్తుంది. ఎందుకని అడిగితే, "పని చెడితే ఎవల్ని తిట్టాలె, పాపం వాళ్లకు తెలువద్దా? నా పనికి నా పేరు, నీ పనికి నీ పేరు" అన్నాడు.

మూడో నెలలో తన తాడు చేతికిచ్చి నన్ను ఒంటరిగా భాగ్య ఇంటికి పంపాడు. భాగ్య జాకెట్లు కుడుతుంది, భర్త మరమగ్గాల మీద పనిచేస్తాడు. మగ్గం మొరాయిస్తే నూనె పోస్తారు కదా, ఆ మహానుభావుడు సొరుగు జారే చానల్‌కూ మగ్గం నూనె దట్టంగా పోశాడు. ఇంట్లో ఎగిరే నూలు దుమ్మంతా అందులో అంటుకుని నల్లటి ముద్దయింది. సిరిసిల్లలో తలుపు కిర్రుమన్నా అదే వైద్యం! దొరికింది కదా దొంగ అని సంబరపడి ఆ ముద్దంతా తుడిచేశాను. సొరుగు ఇంకా అంచు దగ్గర రాసుకుంటూనే ఉంది. వేములవాడ బస్సు దాటిపోతుందని తొందర. తాడు తీసి కొలవకుండా, ఆకురాయి పట్టి సొరుగు అంచు అరగదీశాను. పైన ఉన్న నున్నటి పొర లేచిపోయి లోపలి పొట్టు బయటపడింది. సొరుగు మాత్రం వెళ్లింది. అడుగున పేరు రాయకుండానే బస్సెక్కాను.

వానలు పడ్డాయి. పొర లేచిన అంచు తేమ పీల్చి ఉబ్బింది. భాగ్య బలంగా లాగితే పొట్టు రాలి, ఎవరో కుట్టమని ఇచ్చిన పట్టుగుడ్డ మీద పడింది. అల్మారా వచ్చిన డబ్బా మీద కాక నంబరు ఉండబట్టి ఫోన్ ముందు ఆయనకే వచ్చింది. ఆయన అరవలేదు. "కింద పేరు రాసినవా?" అని మాత్రం అడిగాడు. మరిచిపోయానన్నాను. "మరువలే. పని మంచిగ లేదని నీకెరుకే, గందుకే రాయలే" అన్నాడు. తర్వాత, "నేను పడ్డ దినం మోకు ముడి చూసుకోకుంటనే ఎక్కిన. చూసుకోలేదని నాకెరుకే. ఎరుకుండే ఎక్కిన" అన్నాడు. ఆ సంగతి అంతకు ముందు ఎవరికీ చెప్పలేదట. సిగ్గుతో నా తల నేలలోకి పోయింది.

మర్నాడు ఇద్దరం సిరిసిల్ల వెళ్లాం. కాక గడప మీద కూర్చుండిపోయాడు. "నువ్వే చెప్పు. నేను నోరు తెరువ" అన్నాడు. చెప్పేశాను. "అక్కా, తప్పు నాది. గూడు కొలువకుంట డ్రాను గీకిన." భాగ్య అగ్గి మీద గుగ్గిలమైంది. "పట్టుగుడ్డ ఇచ్చినామెకు నేనేం జవాబు చెప్పాలె? ఆగు, మీ సేటుకే చెప్త!" అని ఫోన్ చేతిలోకి తీసుకుంది. నా కళ్ల ముందు చీపురు కనబడింది. అయినా అన్నాను. "చెప్పు అక్కా. కాని గిది మంచిగ చేసినంకనే నేను ఈడికెళ్లి కదులుత." ఏమనుకుందో, ఫోన్ పట్టుకునే కుట్టుమిషను ముందు కూర్చుంది. తాడు పట్టి కొలిచాను. మూలకూ మూలకూ వేలెడు తేడా. అల్మారా కాలు ఒకటి ఎత్తుగా ఉన్న నేల బండ మీద నిలబడింది. వెనక చెక్క ఊడదీశాను, గూడు సరిచేశాను, మిగతా కాళ్ల కింద సన్నటి చెక్కలు పెట్టాను. ఉబ్బిన అంచు ఆరబెట్టి, నునుపు చేసి, జిగురుతో కొత్త పట్టీ అంటించి, కొవ్వొత్తి రుద్దాను. మధ్యాహ్నం దాటింది. భాగ్య వచ్చి చిటికెన వేలితో నెట్టింది. చప్పుడు లేకుండా వెళ్లి మూసుకుంది. "ఇంకో వాన పడనియ్యి, అప్పుడు చూస్త" అంది కానీ ఫోన్ పక్కన పెట్టింది. "ఆ నూనె డబ్బా మగ్గానికే ఉంచక్కా" అంటే ఫక్కున నవ్వింది. సొరుగు బోర్లించి నా పేరు రాశాను. అప్పుడు కాక కాలీడుస్తూ లోపలికి వచ్చి, "పెన్సిల్ ఇటియ్యి. నువ్వు పోయి చేతులు కడుక్కో" అన్నాడు. నేను వచ్చేసరికి సొరుగు దాని చోట్లో ఉంది.

సేటుకు ఫోన్ వెళ్లలేదు. చీపురు నా చేతికి మళ్లీ రాలేదు. నిరుడు ఎండాకాలంలో కాక పోయాడు. ఆయన తాడు ఇప్పుడు నా సంచీలో ఉంది.

ఇవాళ భాగ్య సొరుగు ఖాళీ చేశాక దాన్ని పూర్తిగా బయటికి లాగి బోర్లించాను. 'స్వరూప' అని నా రాత. దాని కింద, ఒక్కో అక్షరం ఒక్కో దిక్కు చూస్తూ, 'లింగయ్య'. నీ పనికి నీ పేరు అన్న మనిషి నా పని కింద తన పేరు రాసుకున్నాడు. తిట్లు పడితే సగం తనకు పడాలని. ఏడేళ్లుగా అది అక్కడే ఉంది, నాకు తెలియదు. నేల మీద కూర్చుని బోరున ఏడ్చాను. భాగ్య కంగారుగా నీళ్లు తెచ్చింది.

నీళ్లు తాగి, తాడు తీసి కొలిచాను. సామాను మార్చినప్పుడు గూడు కొంచెం ఒరిగింది, అంతే. సరిచేసి సొరుగు పెట్టేశాక రాజవ్వకు ఫోన్ చేశాను. చాలాసేపు మోగాక ఎత్తింది.

"రేపు పొద్దుగాల వీర్నపల్లి బస్సుకు రా. ఆ ఇంటామెకు నువ్వే చెప్పాలె. నేను గడప మీద కూసుంట" అన్నాను.

ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని, తాడు చుట్టి సంచీలో వేసుకున్నాను.

"పెన్సిల్ నేను తెస్త" అన్నాను.