మీరు కూటమి వాళ్లా?

2024 ఎన్నికలు అయిన కొన్ని నెలలకు, వానలు తగ్గాక, నేను నరసాపురం వెళ్లాను. ఆడవాళ్ల హక్కుల కోసం ఊళ్లలో పనిచేసే చిన్న సంఘాలకు నిధులిచ్చే సంస్థలో నా ఉద్యోగం. ఆఫీసు రాజమండ్రిలోనే గానీ ఏడాదిలో సగం రోజులు బస్సుల్లోనే గడిచిపోతాయి. మా పనిలో సైట్ విజిట్ అని ఒకటుంది. డబ్బు తీసుకుంటున్న సంఘం నిజంగా పనిచేస్తోందా లేదా అని వెళ్లి కళ్లతో చూసి రావడం. దానికో నియమం ఉంది. చూడాలి, వినాలి, మధ్యలో నోరు పెట్టకూడదు. నాలాంటి నోరున్న మనిషికి ఈ ఉద్యోగం ఎవరిచ్చారో అని మా ఇంట్లో ఇప్పటికీ ఏడిపిస్తుంటారు.

నేను చూడబోయిన సంఘం పేరు మహిళా కూటమి. నరసాపురం చుట్టుపక్కల లేసు అల్లే ఆడవాళ్లూ, మొగల్తూరు వైపు తీరంలో చేపలమ్మే ఆడవాళ్లూ కొన్నేళ్ల కిందట కలిసి పెట్టుకున్నది. లేసు వాళ్లలో చాలామంది రైతు కుటుంబాల వాళ్లు, గడప దాటకుండా కూర్చుని పనిచేసేవాళ్లు. చేపల వాళ్లు తెల్లారకముందే తట్టలతో రోడ్డెక్కేవాళ్లు. వీళ్లకీ వాళ్లకీ పొత్తు కుదరడమే నాకు ముచ్చటగా ఉండేది. మేమిచ్చేది కోర్ గ్రాంట్, అంటే ఫలానా పనికే ఖర్చుపెట్టాలన్న షరతు లేని సాయం. గది అద్దెకు వాడుకుంటారో, ఆటోలకు వాడుకుంటారో వాళ్లిష్టం.

సంఘాన్ని నడిపేది సత్యవతి గారు. ఒళ్లో లేసు, చేతిలో క్రోషియా సూది లేకుండా ఆవిడని నేనెప్పుడూ చూడలేదు. ఆ రోజు నేను వెళ్లి కూర్చోగానే నూకరత్నం సంగతి చెప్పారు.

నూకరత్నం తీరంలో ఉండే మనిషి. ఎండుచేపలు అమ్మి ఇద్దరు ఆడపిల్లల్ని సాకుతోంది. ఆ ఊరి పేరు రాయను. అక్కడ ఒడ్డున ప్రతి ఇంటికీ చేపలు ఎండబెట్టుకునే కాస్త జాగా ఉంటుంది. దానికి కాగితాలేవీ ఉండవు, ఊరి పెద్దల మాటే పట్టా. భర్త పోయాక మరిది వచ్చి ఆ జాగాలో తన వలలు పరిచేశాడు. జాగా లేకపోతే ఎండుచేప లేదు, ఎండుచేప లేకపోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు.

పెద్దల దగ్గర చెప్పుకోలేదా అని అడిగాను. చెప్పుకున్నారట. అయితే ఆ ఊళ్లో పెద్దలు కూర్చున్నచోట ఆడవాళ్లు మాట్లాడకూడదు. ఆడమనిషి తగువు ఏదైనా సరే ఆ ఇంటి మగవాడే లేచి చెప్పాలి. నూకరత్నానికి భర్త లేడు, తండ్రి లేడు, అన్నదమ్ములు లేరు.

"మరి ఎవరు చెప్పారండీ?" అన్నాను.

"మరిదేనండి," అన్నారు సత్యవతి గారు, సూది ఆపకుండా.

నాకు సరిగ్గా వినపడలేదేమో అనుకుని మళ్లీ అడిగాను. సరిగ్గానే విన్నాను. జాగా లాక్కున్న మరిదే ఆమె తరఫున లేచి, మా వదినకి నామీద ఫలానా ఫిర్యాదు ఉందని చెప్పి, దానికి జవాబు కూడా తనే చెప్పి కూర్చున్నాడట. రెండు వైపులా విన్నాం కదా అని పెద్దలు తీర్పు చెప్పేశారట, జాగా మరిదిదేనని. ఈ ఉద్యోగంలో చాలా విన్నాను గానీ అలాంటిది వినలేదు. సత్యవతి గారు మాత్రం, ఇందులో అంత ఆశ్చర్యం ఏముంది అన్నట్టు నా వైపు చూశారు.

ఆ ఆదివారం పెద్దలు మళ్లీ కూర్చుంటారు. తన మాట తననే చెప్పుకోనివ్వమని నూకరత్నం అడుగుతుంది, కూటమి ఆడవాళ్లు ఆమె వెనక నిలబడతారు. అంతే పథకం. నేను కూడా వాళ్ల ఆటోల్లో ఒకదాంట్లో ఇరుక్కుని వెళ్లాను.

పెద్దలు రామాలయం అరుగు మీద కూర్చుని ఉన్నారు. వాళ్లకి పెద్ద పోలయ్య గారు, తెల్లమీసాల మనిషి. కింద ఇసుకలో మేం. మాకు కాస్త ఎడంగా, మొహం కనపడీ కనపడకుండా పైట కప్పుకుని నూకరత్నం. మీరెవరండీ అని పోలయ్య గారు మర్యాదగానే అడిగారు. ఇన్నేళ్లుగా ఎక్కడికెళ్లినా చెప్పే మాటే సత్యవతి గారు చెప్పారు.

"కూటమి నుంచి వచ్చామండి."

అరుగు మీద ఒక్కసారిగా కదలిక వచ్చింది. ఒకవైపు కూర్చున్నవాళ్లు చరచరా లేచి కండువాలు దులుపుకున్నారు. ఇంకోవైపు వాళ్లు కుర్చీలు తెమ్మని కేకలేశారు. ముందుగా కబురు పెడితే బాగుండేది కదండీ అంటూ పోలయ్య గారు కూల్ డ్రింకులకి మనిషిని పంపారు. మొదట నాకేమీ అర్థం కాలేదు. తర్వాత వెలిగింది. ఎన్నికల్లో కలిసి పోటీచేసి గెలిచిన పార్టీలని అందరూ కూటమి అంటున్నారు. పేపర్లోనూ టీవీలోనూ కూటమి అంటే ఇప్పుడు ప్రభుత్వమే. ఈ ఆడవాళ్లు పేరు పెట్టుకున్ననాడు అది వట్టి మాట. వీళ్లకి తెలియకుండానే అది వేరేవాళ్లదైపోయింది.

పోలయ్య గారిది గెలిచిన పక్షం, కండువాలు దులుపుకున్నవాళ్లది ఓడిన పక్షం. ఆయన మరిదిని పిలిచి, సాయంత్రానికల్లా వలలు తీసేయమన్నారు. వాడు తలూపాడు. కూల్ డ్రింకులు వచ్చేలోపు తీర్పు తిరగబడిపోయింది. ఫిర్యాదు ఏమిటో ఎవరూ అడగలేదు, నూకరత్నం వైపు ఎవరూ చూడలేదు. సత్యవతి గారు నావైపు చూశారు. నోరు పెట్టకూడదన్న నియమం నాకు హాయిగా అనిపించింది ఆ ఒక్కరోజే. మనం అబద్ధమైతే చెప్పలేదు కదా, జాగా వచ్చింది కదా, ఇంక లేచి వెళ్లిపోదాం అనుకుంటున్నాను.

నూకరత్నం పైట తీసి నడుముకి దోపుకుంది. అరుగు దగ్గరికి నడిచింది.

"ఈళ్లు ఆ కూటమి కాదు మావయ్యా. లేసులల్లుకునేవోళ్లు, చేపలమ్ముకునేవోళ్లు. పార్టీ కాదు."

నోటిదగ్గరి కూడు కాలదన్నుకుంటోందే ఈ మనిషి అని లోపల తిట్టుకున్నాను. పోలయ్య గారి మొహం కందిపోయింది. జాగా ఇచ్చేశాం కదా, ఎవరైతే నీకెందుకే అన్నారు.

"ఆళ్లనుకుని ఇచ్చిన జాగా, రేపు ఇంకో పార్టీ వొత్తే పోద్ది కదా. ఆళ్లని చూసి ఇయ్యొద్దు మావయ్యా. నాదని ఇయ్యండి."

మరిది తేరుకుని, ఆడమనిషి ఇక్కడ మాట్లాడకూడదు కదా అన్నాడు. కండువా దులుపుకుని వెళ్లిపోతున్నవాళ్లలో ఒకాయన ఆగి, వెనక్కి వచ్చి కూర్చున్నాడు. పోలయ్య గారు ఇరుకున పడ్డారని ఆయనకి లోపల సంబరంగా ఉందని మొహంలోనే తెలుస్తోంది. "ఇంతసేపూ మాట్లాడింది ఎవరంటావ్ మరి? మొదలెట్టింది కదా, పూర్తిగా చెప్పనీ," అన్నాడు.

ఆమె చెప్పింది. పోటు నీళ్లు ఎక్కే పల్లపు జాగాని తనూ భర్తా తట్టలతో ఇసుక మోసి ఎలా మెరక చేశారో చెప్పింది. చిన్నపిల్ల కడుపులో ఉండగా మోసిందట. మొదటిసారి ఆమె తరఫున మాట్లాడిన మరిది ఈ ఇసుక సంగతి ఎత్తనేలేదని పెద్దలకి అప్పుడు తెలిసింది. గట్టిగా కూడా చెప్పలేదు ఆమె. గాలికి కొన్ని మాటలు నాకే వినపడలేదు. అయినా అరుగు మీద వాళ్లు ముందుకి వంగి విన్నారు.

తీర్పు మాత్రం ఆ రోజు చెప్పలేదు. ఆలోచించి చెబుతామన్నారు. సాయంత్రానికి పోవలసిన వలలు అక్కడే ఉండిపోయాయి. నాకు పట్టరాని ఉక్రోషం వచ్చింది. ఆటో ఎక్కుతూ, ఇక నియమం గియమం పక్కన పెట్టి, ఎందుకలా చేశావమ్మా, ఇప్పుడు వాళ్లు ఇవ్వకపోతే ఏం చేస్తావని నూకరత్నాన్ని అడిగేశాను.

"మళ్లీ ఎల్లి అడుగుతానండి," అంది. "ఇప్పుడు మా మరిది రానక్కర్లేదు కదండీ."

తర్వాత పెద్దలు సగం జాగా ఇచ్చారు. ఎన్ని జాగాలు వచ్చాయి, ఎంతమందికి వచ్చాయి అని లెక్క చూసుకోవడమే మా ఉద్యోగమని అప్పటిదాకా నమ్మాను. ఆ లెక్క ప్రకారం ఆ ఆదివారం సంఘం గెలిచింది, నూకరత్నం నోరు తెరిచి ఓడగొట్టింది. కానీ మేం ఇన్నేళ్లూ సాయం చేసింది ఆ నోరు తెరుచుకోవడం కోసమేనని ఆమె మాట్లాడాక గానీ నాకు తెలియలేదు. మిగతా సగం కోసం ఆమె ఇప్పటికీ ఆ అరుగు దగ్గరికి వెళ్తోంది. తన మాట తనే చెప్పుకుంటోంది.