ఖాళీ కాగితం మీద ఓదెలు కాలు

ఓదెలు గురించి నేను చెప్పేవాటిలో సగం కోతలేనని ఫిల్మ్ నగర్ టీ కొట్టు దగ్గర కూర్చునే ప్రతివాడూ అంటాడు. ఒప్పుకుంటాను. ఓదెలు ఆరంతస్తుల మీది నుంచి దూకుతూ దారిలో ఒక పావురాన్ని పట్టుకుని, నేల మీద కాలు ఆన్చాక ఎగరేశాడని ఏళ్ళ తరబడి చెబుతున్నాను. నిజానికి అవి మూడంతస్తులే. పావురం మాత్రం నిజం. ఇప్పుడు చెప్పబోయేదానికి నేను ఒక్క అంతస్తు కూడా కట్టలేదు.

ఓదెలు డూప్. హీరో కిటికీ అద్దం బద్దలు కొట్టుకుని దూకితే, తెర మీద కనిపించే ఆ వీపు ఓదెలుది. బోరబండ గుట్ట మీద రెండు గదుల ఇల్లు. భార్య శకుంతలమ్మ సినిమా బట్టలు కుట్టేది. నేను స్టూడియో వ్యాన్ తోలేవాణ్ణి. అంతకుముందు లా కాలేజీలో ఏడాదిన్నర ఉన్నాను. నా ధాటికి కాలేజీ తట్టుకోలేకపోయిందని నేనంటాను, హాజరు పట్టీ ఇంకేదో అంటుంది. పాసైన పేపరు ఒక్కటే. అందులో డాక్టర్ల బాధ్యత మీద ఒక పాఠం ఉండేది. అది ఒకరోజు ఒక మనిషి కాలికి పనికొస్తుందని తెలిసుంటే ఇంకాస్త శ్రద్ధగా చదివేవాణ్ణి.

మా సెట్లలో ఒక అలవాటుంది. పొద్దున్నే మేనేజరు ఖాళీ వోచర్ల కట్ట తెస్తాడు. రెవెన్యూ స్టాంపు అంటించే ఉంటుంది. ఫైటర్లు, జూనియర్ ఆర్టిస్టులు వరసగా వచ్చి స్టాంపు మీద సంతకం గీకి పోతారు. పైన ఎంత డబ్బు ముట్టిందో అది సాయంత్రం మేనేజరు రాసుకుంటాడు. అందులో చదవడానికేమీ ఉండదు కనుక ఎవరూ చదవరు. ఓదెలు పదిహేనేళ్ళు అలా సంతకాలు పెట్టాడు. కాగితం కనబడితే చాలు, అతని చెయ్యి కాగితం అడుక్కి, కుడి పక్కకి దానంతటదే పోయేది.

రెండువేల నాలుగు. హైటెక్ సిటీ ఉద్యోగుల్ని మోసే క్వాలిస్‌లు జూబ్లీ హిల్స్ రోడ్లన్నీ తమవే అన్నట్టు తిరుగుతున్న రోజులు. ఫిల్మ్ నగర్ కొండ వాలులో వేసిన సెట్టులో ఓదెలు గోడ మీది నుంచి దూకాడు. బాగానే దూకాడు. కింద పేర్చిన అట్టపెట్టెలు పక్కకి జరిగాయి. ఎడమ పాదం క్రేన్ నడిచే పట్టా మీద పడింది, చక్రం దాని మీదికెక్కింది. నేనే వ్యాన్‌లో వేసుకుని జూబ్లీ హిల్స్‌లో కొత్తగా కట్టిన ఒక అద్దాల ఆసుపత్రికి తీసుకెళ్ళాను. గాయం కడిగారు, ఇనుప కడ్డీలు బిగించారు. రెండు రోజులు గడిచాయి.

మూడోరోజు పొద్దున ఎనిమిదింటికి ఒక గుమస్తా మూడు కాగితాలు తెచ్చాడు. కంప్యూటర్‌లో అచ్చైన ఫారాలు, మధ్యలో ఖాళీ గళ్ళు. ఓదెలు మూడింటి మీదా చకచకా సంతకం చేసి తలెత్తాడు.

"స్టాంపు అంటియ్యలేదేంది సారూ?"

గుమస్తా నవ్వాడు, శకుంతలమ్మ నవ్వింది, నేను అందరికంటే గట్టిగా నవ్వాను.

తొమ్మిదింటికి నర్సు హైమ వచ్చింది. దుప్పటి తీసి, చేతిలోని కాగితం ఒకసారి చూసుకుని, ఓదెలు ఎడమ మోకాలికి బెత్తెడు కింద నల్ల పెన్నుతో గుండ్రంగా గీత గీసింది.

"మార్కెందుకు సిస్టర్?" అన్నాడు ఓదెలు సరదాగా. "షాట్‌ల నేను గీడికెల్లి దూకాల్నా?"

హైమ పెన్ను ఆగింది. "మీకు డాక్టర్ గారు చెప్పలేదా అండీ?"

"ఏం చెప్పాలె?"

ఆమె కాగితం వంక చూసింది, అతని వంక చూసింది. "పదకొండింటికి ఆపరేషన్. మోకాలి కింద నుంచి..."

శకుంతలమ్మ చేతిలోని టీ ఫ్లాస్కు మూత మంచం కిందికి దొర్లింది. ఎవరూ తియ్యలేదు.

"నేను సంతకం వెట్టింది కడుగుడుకు గదా!" అన్నాడు ఓదెలు. "నిన్న గట్లనే అన్నరు. కడుగుతం అన్నరు."

అప్పుడే మా సెట్టు మేనేజరు అచ్యుతరామయ్య వచ్చాడు. చెడ్డవాడు కాదు, రెండు రోజులుగా అరటిపళ్ళు మోసుకొస్తూనే ఉన్నాడు.

"కంగారు పడకురా ఓదెలూ. డాక్టర్ గారితో నేను మాట్లాడేశాను. ముందే చెబితే బెంగ పెట్టుకుంటావని చెప్పొద్దన్నాను. అంతా నీ మంచికే కదా!"

"నా కాలు తీస్తరని నీకు ఎరుకనా సారూ? నాకు ఎరుక లేదు, నీకు ఎరుక!"

ఓదెలు నా వైపు తిరిగాడు. "మౌళీ, నువ్వు లా సదివిన అని ఊరంతా చెప్పుకుంటవు. ఇప్పుడు చెప్పు. సంతకమైతే వెట్టిన. ఇగ అయిపోయిందా?"

నోటికొచ్చిన కోతలన్నీ ఆ ఒక్క చూపుకి ఎండిపోయాయి. గుర్తున్నది గుర్తున్నట్టు చెప్పాను. మనిషి తెలివిలో ఉన్నంతసేపూ అతని ఒంటి మీద కత్తి పెట్టాలంటే అతనే ఒప్పుకోవాలి, మేనేజరు కాదు. స్పృహ లేక ప్రాణం మీదికొస్తే అది వేరు. ఏం కోస్తారు, ఎందుకు, కోయకపోతే ఏమవుతుంది, ఇంకో దారి ఉందా, ఇవన్నీ చెప్పాక ఒప్పుకుంటేనే అది ఒప్పుకోలు. ఖాళీ కాగితం మీది సంతకం సంతకమే గాని ఒప్పుకోలు కాదు. ఒప్పుకున్నాక కూడా, కత్తి పడేలోపు వద్దనొచ్చు.

"మరి ఇంకో డాక్టరుకు సూపియ్యచ్చా?" శకుంతలమ్మ అడిగింది.

"చూపించొచ్చు వదినా. ఎక్స్‌రేలు, కాగితాలు అడిగితే ఇవ్వాలి. డెబ్బై రెండు గంటల్లో ఇచ్చి తీరాలని రూలు కూడా ఉంది."

ఇద్దరం రికార్డుల కౌంటర్‌కి పరిగెత్తాం. అక్కడి మనిషి నా రూలు అంతా ఓపిగ్గా విన్నాడు. "కరెక్టే సార్. డెబ్బై రెండు గంటలు. మీరు ఇప్పుడే అడిగారు కాబట్టి ఇంకా డెబ్బై రెండూ ఉన్నాయి" అన్నాడు. గోడ గడియారంలో తొమ్మిదీ యాభై. నా చదువులో సగం ఆ కౌంటర్ దగ్గరే చచ్చిపోయింది.

పైకి వచ్చేసరికి స్ట్రెచరు మంచానికి ఆనించి ఉంది. ఓదెలు రెండు చేతులతో మంచం కడ్డీ పట్టుకున్నాడు.

"నేను రాను. డాక్టరును పిలువుండ్రి."

ఆపరేషన్ చెయ్యాల్సిన డాక్టర్ అరవింద్ విసుగ్గా వచ్చాడు. ముప్పై ఐదేళ్ళుంటాయేమో, కళ్ళ కింద నిద్రలేని నలుపు. ఫారం తీసి చూపించాడు. ఖాళీ గళ్ళన్నీ ఇప్పుడు ఇంగ్లీషులో నిండి ఉన్నాయి.

"ఇది మీ సంతకమేనా?"

"సంతకం నాదే సార్. పైనున్న రాత నాది గాదు. నేను వెట్టినప్పుడు అండ్ల ఏం లేకుండె. గీ సిస్టరమ్మ గీత గీసేదాక కాలు తీస్తరని నాకు తెల్వది."

డాక్టర్ గుమస్తా కోసం చుట్టూ చూశాడు, హైమ వైపు చూశాడు. ఆమె తల దించుకుంది. అచ్యుతరామయ్య దగ్గాడు. "నేనే వద్దన్నానండీ, పేషెంట్ టెన్షన్ పడతాడని..."

"మీరు వద్దంటే నేను మానెయ్యాల్సింది కాదు" అన్నాడు డాక్టర్. అని, స్టూలు లాక్కుని ఓదెలు పక్కన కూర్చున్నాడు. మూడు రోజుల్లో ఏ డాక్టరూ ఆ స్టూలు మీద కూర్చోలేదు.

"చూడండి ఓదెలు గారూ. పాదం ముందు భాగానికి రక్తం అందడం లేదు. చీము పడుతోంది. అది పైకెక్కితే ప్రాణానికే ప్రమాదం. మోకాలి కింద తీసేస్తే ఆ భయం బాగా తగ్గుతుంది. అది నా సలహా."

"కాలుంటట్టు ఏం దారి లేదా?"

"ఉంటే ఉండొచ్చు. రిస్కు. ఇంకొకరి అభిప్రాయం కావాలంటే తీసుకోండి, అది మీ హక్కు. కానీ జ్వరం ఇప్పుడు నూటొకటి. నాలుగింటి దాకా ఆగుతాను. నూట రెండు దాటితే మళ్ళీ వచ్చి అడుగుతాను, అప్పుడు ఆలోచించుకోవడానికి టైం ఉండదు." ఎక్స్‌రే ఫిల్ములు తనే కవరులో పెట్టి శకుంతలమ్మ చేతికిచ్చాడు.

ఫైటర్ల విరిగిన ఎముకలు అతికించడంలో పేరున్న ముసలి డాక్టర్ వీరరాఘవయ్య నగరం అవతలి కొసన సర్కారు దవాఖానాలో ఉండేవాడు. ఆ రోజు నేను వ్యాన్ తోలిన తీరు చూస్తే ఓదెలు కూడా తనకి డూప్ కావాలనేవాడు. జూబ్లీ హిల్స్ చెక్‌పోస్టు దగ్గర క్వాలిస్‌ల వరస కదల్లేదు. శకుంతలమ్మ కవరుని గుండెకి అదుముకుని, ప్రతి పది నిమిషాలకీ నా సెల్‌తో వార్డుకి ఫోన్ చేసేది. నూటొకటీ పాయింట్ రెండు. నూటొకటీ పాయింట్ ఐదు.

వీరరాఘవయ్య ఫిల్ముల్ని కిటికీ వెలుతురుకి పట్టి చాలాసేపు చూశాడు. మా ముందే అరవింద్‌కి ఫోన్ చేసి పదిహేను నిమిషాలు మాట్లాడాడు.

"అమ్మా, మడమ బతికుందని నాకనిపిస్తోంది. రెండు వేళ్ళు మాత్రం పోతాయి. చెడిన కండ తీసేసి కాలు నిలబెట్టొచ్చేమో. సగం సగం. ఆ కుర్ర డాక్టర్ చెప్పింది కూడా తప్పు కాదు. ఏ దారి అన్నది మీ ఆయన చెప్పాలి, నేను కాదు."

మూడున్నరకి తిరిగొచ్చాం. జ్వరం నూటొకటీ పాయింట్ ఎనిమిది. ఓదెలు పెదాలు తెల్లబడ్డాయి గాని మాట గట్టిగానే ఉంది. పాత ఫారం మీద హైమ అడ్డంగా రెండు గీతలు కొట్టి కొత్తది తెచ్చింది. డాక్టర్ తెలుగులో రాస్తూ పైకి చదివాడు. చెడిన కండ. రెండు వేళ్ళు. ఆ తర్వాత ఇంకో వాక్యం రాయబోయి ఆగాడు.

"లోపల తెరిచాక నేననుకున్న దానికంటే ఘోరంగా ఉంటే? మీరు మత్తులో ఉంటారు. ఆ మాట రాయకుండా నేను మొదలుపెట్టలేను."

ఆ ఒక్క వాక్యంలో నుంచి మొత్తం కాలు పోవచ్చు. ఓదెలు భార్య వంక చూశాడు. ఆమె అతని చెయ్యి మీద చెయ్యి వేసింది, అంతే. ఏం చెయ్యమనీ అనలేదు.

"గిట్ల రాయుండ్రి సార్. పానం మీదికొస్తెనే కాలు తియ్యాలె. పానానికి ఫికర్ లేకుంటె మత్తు దిగినంక నన్నే అడగాలె."

డాక్టర్ అక్షరం పొల్లు పోకుండా రాశాడు. ఓదెలు కాగితం తీసుకుని, ప్రతి అక్షరం మీదా వేలు జరుపుతూ ఒకసారి, మళ్ళీ ఒకసారి చదివాడు. ఆ తర్వాత సంతకం పెట్టాడు. పదిహేనేళ్ళలో అంత మెల్లగా పెట్టిన సంతకం అదొక్కటే.

ఆపరేషన్‌కి రెండు గంటల నలభై నిమిషాలు పట్టింది. థియేటర్ తలుపు తెరుచుకుంది. శకుంతలమ్మ ఓదెలు మొహం చూడలేదు. స్ట్రెచరు కాళ్ళ వైపు చూసింది. కుడి పక్కన దుప్పటి ఎత్తుగా లేచి ఉంది. ఎడమ పక్కన కూడా లేచి ఉంది. ఆమె వెళ్ళి ఆ పక్క దుప్పటి అంచు పట్టుకుంది. డాక్టర్ అరవింద్ మాస్కు దించి ఏదో చెబుతున్నాడు. ఆమెకి వినబడిందని నేననుకోను.

ఓదెలు మళ్ళీ దూకలేదు. కొద్దిగా కుంటుతాడు. ఇప్పుడు సెట్లలో అట్టపెట్టెలు అతనే పేరుస్తాడు. ఒక్కో పెట్టెనీ తన్ని చూస్తే తప్ప ఎవర్నీ దూకనివ్వడు. "వేళ్ళు రెండూ నేను సదివి ఇచ్చినయ్. కాలైతే అడిగినా ఇయ్యలే" అంటాడు చెప్పు విప్పి చూపిస్తూ.

ఏడాది తర్వాత ఒక పొద్దున అచ్యుతరామయ్య ఎప్పట్లాగే వోచర్ల కట్ట పట్టుకొచ్చాడు. ఓదెలు తన వోచరు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"సారూ, గిండ్ల ఏం లేదు."

"సాయంత్రం రాస్తాలేరా! నీ కాలేమన్నా అడిగానా? వోచరది!"

"అయితే సంతకం కూడ సాయంత్రమే సార్."

ఆ మాటకి వెనక వరసలో ఉన్న ఇరవైమందీ సంతకాలు పెట్టకుండా పెన్నులు జేబులో పెట్టుకున్నారని నేను చెబుతుంటాను. నిజానికి నలుగురే.