అమ్మ చెప్పకుండా వెళ్లిన రోజు

నిన్న మనవణ్ణి మొదటిసారి నర్సరీలో దింపడానికి వెళ్తే, గేటు దాటగానే డెట్టాల్ వాసన గుప్పుమంది. కోడలు వాడికి బొమ్మ చూపించి, మెల్లగా జారుకోబోయింది. చెయ్యి పట్టుకుని ఆపేశాను.

గల్ఫ్‌లోని ఖోర్ ఫక్కాన్‌లో, నా నాలుగో ఏట, మా అమ్మ కూడా ఇలాగే జారుకుంది. ఒక మలయాళీ ఆంటీ తన ఇంట్లోనే పిల్లల బడి నడిపేది. ఆవిడ నా పేరు రాసుకుంటానంటే అమ్మ నా పాస్‌పోర్టు ఆవిడ చేతికిచ్చి, నేను రంగుపెన్సిళ్లు చూస్తుండగా మాయమైంది.

నా పైప్రాణాలు పైనే పోయాయి. నాన్న పాస్‌పోర్టు ఆయన యజమాని దగ్గర, అంటే కఫీల్ దగ్గర ఉండేది. రెండేళ్లు పనిచేస్తే గానీ ఇవ్వడనీ, ఊరికి పంపడనీ నాన్న రోజూ అనేవాడు. అయితే ఈ ఆంటీయే నా కఫీల్! ఏడిస్తే జీతం కోస్తుందేమోనని ఏడుపు కూడా మింగేశాను.

మధ్యాహ్నం అమ్మ వస్తే పరిగెత్తి కాళ్లు చుట్టేశాను.

"అమ్మా, రెండేళ్లు అయిపోయాయా?"

"పిచ్చిమొహమా, ఇంకా అన్నమే వార్చలేదే!" అని నవ్వింది. సంగతి తెలిశాక మాత్రం నవ్వలేదు.

మర్నాడు నన్ను దింపి, ఎదురుగా కూర్చుని చెప్పింది. "మసీదులో మధ్యాహ్నం నమాజుకి పిలిచే బాంగు వినపడగానే వచ్చేస్తాను. ఖలాస్, అంతే."

ఆ బడి ఎక్కువ రోజులు సాగలేదు, నాకు అక్షరాలొచ్చింది ముప్పై దాటాక. ఈ ముక్క మాత్రం నాలుగేళ్లకే తెలుసు. పిల్లల్ని వదిలి దొంగల్లా పారిపోకండి. ఎప్పుడొస్తారో వాళ్లకి అర్థమయ్యేలా చెప్పి వెళ్లండి.

ఆ రెండో రోజు హాయిగా ఆడుకున్నాను. బాంగు మొదలైంది. తలెత్తి చూస్తే, అమ్మ అప్పటికే గుమ్మంలో చెప్పులు విప్పుతోంది.