మూఢంలో గుర్రప్పందెం

ఆ రోజుల్లో నా కడుపుమంటకు మందు ఏ దవాఖానలోనూ దొరికేది కాదు. తెలంగాణ వచ్చిన కొత్త. డిగ్రీ అయిపోగొట్టి, కోస్గిలో మా యువజన సంఘానికి కార్యదర్శిగా (అంటే మైకు కిరాయికి తెచ్చేవాడిగా) వెలుగుతున్నాను. పొద్దున లేచింది మొదలు ఒక్క మనిషిని తలచుకునే కుళ్లి చచ్చేవాణ్ణి. ఆయన మా మేనత్త కొడుకు, కట్టంగూరు బావ. పట్నంలో గుర్రప్పందేల ఆఫీసులో కొన్నాళ్లు పనిచేసి నల్లకళ్లద్దాలతో తిరిగొచ్చాడు. అప్పట్నించీ మా బాపు నోట రోజూ ఒకటే మాట: "మీ బావను సూసి నేర్సుకోరా." బావ పేరెత్తితే "మావోడు" అని మురిసిపోయేవాడు. నన్ను మాత్రం, ఎవరొచ్చి అడిగినా, "గీ పోరడా?" అని ఊరుకునేవాడు. నలుగురు వింటుండగా ఒక్కసారి బాపు నన్ను "మావోడు" అంటే చాలు, ఉద్యోగం రాకున్నా ఫికర్ లేదనుకునేవాణ్ణి.

మా వైపు పెండ్లి బరాత్‌లకు గుర్రాలను కిరాయికిచ్చే ముస్లిం కుటుంబాలు కొన్ని ఉండేవి. అచ్చంపేట, కట్టంగూరు, కోస్గి, ఏ ఊళ్లో గుర్రప్పందెం పెట్టినా దిక్కు ఆ గుర్రాలే. నిన్న పెండ్లికొడుకును మోసింది ఇవాళ పందెంలో ఉరికేది. ఒక ఏడాది రెండూళ్లు ఒకేరోజు పందెం పెట్టుకుని, చెరో నాలుగు గుర్రాలతో నవ్వులపాలయ్యాయి. దాంతో మా బావ మా ఇంట్లోనే మూడు ఊళ్ల వాళ్లనూ కూర్చోబెట్టాడు.

"దేశమంతటికి గుర్రప్పందేల క్యాలెండర్ ఒక్కటే ఉంటది మామా," అని మొదలుపెట్టాడు. "ఎండకాలం సల్లటి కొండలమీది ఊరికి, వానకాలం ఒక పట్నానికి, సలికాలం ఇంకో పట్నానికి. అందరు కూసోని, కొట్లాడి, తేదీలు పంచుకుంటరు. ముందుగాల అన్నిట్ల పెద్ద పందెం ఏనాడో పక్కా జేస్తరు. ఆడికెళ్లి ఎన్కకు లెక్కేసుకుంట సిన్న పందేలు పెడ్తరు. నడుమ గుర్రానికి ఆరాం దొర్కాలె, లారీల తోల్కపోయే టైం దొర్కాలె. పెద్ద పందేలు రెండు ఒక్కనాడు పడొద్దు. మనం గూడ గట్లనే జేద్దాం."

బాపు నోరు తెరుచుకుని విన్నాడు. భోజనాల దగ్గర నా కంచంలో పడాల్సిన కోడికాలు తీసి బావకు వేశాడు. పెద్ద పందెం కట్టంగూరులో పెడదామని బావ అంటే (హైవే మీద ఉందట, లారీలకు జాగా ఉందట), కోస్గిలో పుట్టి పెరిగిన మా బాపు "సై" అన్నాడు! బావ చివర్లో ఒక మాటన్నాడు: "గుర్రాలోళ్లను అడిగినంకనే తేదీలు రాద్దాం." ఆ మాట నా చెవికి ఎక్కలేదు. బావ చెప్పిన ఏ మాటా చెవికెక్కించుకోకూడదని అప్పటికే తీర్మానించుకున్నాను.

మర్నాడు పంచాంగం తిరగేస్తే నాకొక బ్రహ్మాండమైన ఉపాయం తట్టింది. మూఢం! మూఢంలో పెండ్లిళ్లుండవు. పెండ్లిళ్లు లేకుంటే గుర్రాలు ఖాళీ. బావ క్యాలెండర్ తేలేలోపే కోస్గిలో నేనే పందెం పెట్టేస్తే బాపు కళ్లు తిరగవా? మూఢంలో ఒక ఆదివారం ఖాయం చేసుకుని, బయటికి పొక్కనివ్వలేదు. చెబితే ఆ ఉపాయం బావ తనదంటాడని భయం. మా ఊరి గుర్రాల చాచాను కూడా అడగలేదు. మూఢంలో గుర్రాలు ఇంట్లో గడ్డి తినక ఎక్కడికి పోతాయి?

ఆ ఆదివారం పొద్దున్నే ఆటోకు మైకు కట్టించి ఊరంతా చాటించాను. ఎండెక్కేసరికి అంగడి మైదానం జనంతో నిండిపోయింది. బాపు ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందు కుర్చీలో కూర్చున్నాడు. అంతా ఉంది. గుర్రాలు లేవు.

"గుర్రాలేయిరా?" అన్నాడు బాపు.

"తోల్కొస్త," అని చాచా ఇంటికి ఉరికాను. ఆ సందు మొగదలే షామియానా, బ్యాండు, పొయ్యిల మీద డేగ్చాలు. మూడు ఊళ్ల గుర్రాలూ పూలదండలతో వరసగా నిలబడి ఉన్నాయి. చాచా కొత్త షేర్వాణీలో ఎదురొచ్చి నన్ను కౌగిలించుకున్నాడు.

"ఆవో బేటా! కార్డిచ్చిన గదా, వస్తవో రావో అనుకున్న. మా బిడ్డ నిఖా."

కార్డు వచ్చింది. తేదీలు వేసుకునే మహా యజ్ఞంలో ఉన్న నాకు అది విప్పే తీరికెక్కడిది?

"మూఢంల పెండ్లేంది చాచా!" అన్నాను, ఏడుపు ఒక్కటే తక్కువ.

"మూఢం మీకు బేటా, మాకు కాదు గదా! గిప్పుడైతెనే మా గుర్రాలు ఖాళీ, డేరాలు సగం కిరాయికి దొర్కుతయి, వంటాయన ఖాళీ. మా సుట్టాలందరు గుర్రాలేస్కోని వచ్చిన్రు."

నాకొచ్చిన తెలివే ఆయనకూ వచ్చిందన్నమాట. కాకపోతే ఆయన నలుగురినీ అడిగి పెట్టుకున్నాడు. ఇంతలో వెనక్కి తిరిగి చూస్తే మైదానంలోని జనమంతా నా వెంటే వచ్చేసింది, ముందు బాపు. గుర్రాలు కనిపించాయని పిల్లలు ఈలలు. నేల చీలితే లోపలికి పోదామనిపించింది. బాపు గుర్రాల వైపు చూశాడు, డేగ్చాల వైపు చూశాడు, నా ముఖం చూశాడు. "గీ పోరడు" కోసం తల వంచుకుని నిలబడ్డాను.

బాపు పకపకా నవ్వి చాచా భుజం మీద చెయ్యేశాడు. "ఏం భాయ్! నీ బిడ్డ పెండ్లికి మావోడు ఊరినంత తోల్కొచ్చిండు సూడు!"

మావోడు! అందరి ముందరా! చాచా ఏమో "ఇంకో డేగ్చా ఎక్కియ్యిన్రిరా" అని అరుస్తున్నాడు. నేను మాత్రం ఆ మాట బావ విన్నాడా లేదా అని వెతికాను. తనకొచ్చిన కార్డు విప్పి చూసుకునే వచ్చినట్టున్నాడు, బావ నల్లకళ్లద్దాలు పెట్టుకుని, పెండ్లికొడుకు గుర్రం ముందర, బ్యాండు హోరులో, మైమరచి చిందులేస్తున్నాడు.

మా ఇద్దరికీ ఇప్పుడు చెవుల పక్కన జుట్టు నెరుస్తోంది. బావ ఇంటికొచ్చినప్పుడల్లా, "ఆనాడు బాపు నన్నేమన్నడో ఇన్నవా?" అని అడగాలని నాలుక చివరిదాకా వస్తుంది. అడగను. "ఏమన్నడు?" అంటాడేమోనని భయం.