తాతయ్య పొగ ఓడ గుట్టు

మా చిన్నప్పుడు... అమీర్‌పేటలో మా డాబా ఎక్కితే ఎటు చూసినా కంప్యూటర్ కోర్సుల బోర్డులే. వాటి మధ్య మా తాతయ్య, ఒక కంటికి పట్టీతో, దూరంగా ఉన్న వాటర్ ట్యాంకు వైపే చూస్తూ నిలబడేవాడు.

విశాఖ అవతల సముద్రం ఒడ్డున మా ఊరు. పంజాగుట్టలో కంటి ఆపరేషన్ చేయించుకోడానికి వచ్చాడాయన.

"ఏందమ్మా, మీ తాత పొద్దుగాల్నుంచి గా ట్యాంకి దిక్కే చూస్తుండు?" అని ఇంటి ఓనరమ్మకి ఒకటే ఫికర్.

నిజానికి ఆయన నాకు పాఠం చెబుతున్నాడు...

మా ఊరి సముద్రంలో, తాతయ్య పుట్టకముందే మునిగిపోయిన పొగ ఓడ ఒకటుంది. పైకి ఏమీ కనబడదు. ఆ ఇనుప గూడులో చేపలు కాపురం ఉంటాయి. వలలు ఖాళీగా వచ్చిన రోజు తాతయ్యా బాబాయీ అక్కడికెళ్ళి గాలం వేసేవారు. ఆ పూట పొయ్యి వెలిగేది.

చోటు తెలిసేదెలా? ఒడ్డున లైట్‌హౌసూ, దాని వెనక కొండమీది గుడీ ఒకే వరుసలోకి రావాలి. ఇంకోపక్క తాటితోపూ, చర్చి గోపురమూ ఒకే వరుసలోకి రావాలి. రెండూ కుదిరితే ఓడ మన పడవ కిందే ఉన్నట్టు. డాబా మీద ట్యాంకునీ జావా బోర్డునీ వరుసలో పెట్టి నేర్పించాడు.

"ఇది మన పడవ గుట్టే అమ్మీ... ఎవులికీ సెప్పకు."

నా నోట్లో నువ్వుగింజ నానదని ఆయనకి తెలీదు పాపం!

మా పై గదిలో ఉంటూ కోర్సు నేర్చుకునే రమణన్నది మా ఊరే. వాళ్ళ నాన్నకీ పడవుంది. "ఓడా లేదు, గీడా లేదు... మీ తాత కోతలు కోస్తాడు," అన్నాడొకరోజు. నాకు రోషం పొడుచుకొచ్చింది. సుద్దముక్కతో డాబా మీద గుడీ, గోపురమూ, గీతలూ అన్నీ గీసి చూపించాను. అన్న నవ్వలేదు. చాలాసేపు చూశాడు.

ఎండాకాలం సెలవుల్లో ఊరెళ్ళినప్పుడు తాతయ్యా బాబాయీ నన్ను పడవెక్కించుకుని అక్కడికి తీసుకెళ్ళారు. అప్పటికే నాలుగు పడవలున్నాయి. మొదటిది రమణన్న వాళ్ళ నాన్నది.

తాతయ్య బాబాయ్ వైపు తిరిగాడు. "తాగి వాగీసినావా?"

"నాను సెప్పనేదు నాన్నా... ఒట్టు!"

తాతయ్య నమ్మలేదు. నేను పడవ అంచు పట్టుకుని నీళ్ళలోకి చూస్తూ కూర్చున్నాను. నోరు విప్పలేదు. ఎక్కడ విప్పకూడదో అక్కడ విప్పిన నోరు!

ఆ తర్వాత తాతయ్య బాబాయ్‌తో సరిగ్గా మాట్లాడలేదు... పోయేదాకా.

ఇప్పుడు అమీర్‌పేటలో మెట్రో అడ్డొచ్చి ట్యాంకు కనబడదు. సముద్రంలో ప్రతి పడవలోనూ ఫోనే దారి చూపిస్తుంది, ఇక గుట్టు ఎవరికి కావాలి? నా సిగ్గు మాత్రం అలాగే ఉంది. చిన్నప్పుడు మీ తప్పుకి ఇంకొకరు మాటపడ్డారా? పడుంటే కింద రాయండి... కాదు, ముందు వాళ్ళకే చెప్పండి.

బాబాయ్, నువ్వు ఇది చదువుతావని తెలిసే రాస్తున్నా. చెప్పింది నువ్వు కాదు... నేను.