షాట్‌కు ఒక్క క్షణం ముందు

మా టీమ్ లీడ్, మేమంతా అక్క అని పిలిచే మనిషి, మంగళవారం పొద్దున దవాఖానలో పోయింది. కబురు తెలిసేసరికి నేను మాదాపూర్ ఆఫీసులో, మంచు మీద హాకీ ఆడుతున్నవాళ్లను చూస్తున్నాను. అదే మా పని. చలిదేశాల్లో రాత్రి జరిగే మ్యాచ్‌ల వీడియోలు మాకు ఉదయం వస్తాయి. ఆ ఆటలో బంతికి బదులు రబ్బరు బిళ్ల ఉంటుంది. ప్రతి షాట్ ఎక్కడి నుంచి కొట్టారో, గోల్‌కీపర్ ఆపాడో లేదో గుర్తులు పెడతాం. ఆ లెక్కలు చూసే అక్కడి జట్లు ఎవరిని ఉంచాలో, ఎవరిని తీసేయాలో నిర్ణయించుకుంటాయి.

చేరిన కొత్తలో నేను ఎవరితోనూ మాట్లాడేదాన్ని కాదు. అక్క మణికొండ నుంచి సర్వపిండి తెచ్చి, డబ్బా మా ఇద్దరి మధ్య పెట్టి తినేది. మాట్లాడమని ఎప్పుడూ అడగలేదు.

లెక్కలంటే ఆమెకు గౌరవం. గెలిచిన జట్టును మేం పొగిడితే ఒప్పుకునేది కాదు. "షాట్లు చూడున్రి. దగ్గరికి పోయి కొట్టినోళ్లే ఓడిన్రు. లెక్క లేకుంటే గెలిచినోడే మొనగాడు అనుకుంటం."

అయినా, దూరం నుంచి వచ్చిన మెత్తటి షాట్ గోల్ అయిందని కీపర్‌ను తప్పుపడితే ఊరుకునేది కాదు. "జర ఎనకకు తిప్పు. కొట్టకముందు ఆపు. ఆయన కండ్లకు ఏం కనిపిస్తుందో చూడు." ఆపి చూస్తే కీపర్ ముందు తన జట్టువాడి వీపే ఉండేది. ఆ వీపుకు మా పట్టికలో గడి లేదు.

పోయిన ఏడాది అక్క జబ్బు బయటపడింది. ఎక్కువమందికి నయమవుతుందని డాక్టరు అన్నారట. నేను ఆ మాట పట్టుకుని వేలాడాను. ఆమె కీమోకు వెళ్లిన ప్రతిసారీ అదే మెసేజ్ పెట్టాను. చివరికి అక్కే ఫోన్ చేసింది.

"ఆ ఎక్కువమందిల నేనున్ననో లేనో లెక్కకు తెల్వది పిల్లా. అది నన్ను చూడలే."

తర్వాత, అన్నం తిన్నావా అని అడిగింది.

మంగళవారం నుంచి నేను, జబ్బు తెలియకముందు రోజులను వెనక్కే తిప్పుతున్నాను. అక్క దగ్గితే ఏసీ వల్లే అనుకున్నాం. లిఫ్ట్ దగ్గర ఆగితే అలసట అనుకున్నాం. ఎక్కడ ఆపితే కనబడేది? ఏది అడ్డమొచ్చింది? ఎన్నిసార్లు తిప్పినా దొరకడం లేదు. ఎవరిని అడగాలో తెలియడం లేదు. ఇలాంటివి నేను అడిగేది ఆమెనే.

ఈ ఉదయం మ్యాచ్‌లో దూరం నుంచి ఒక షాట్, గోల్. వెనక్కి తిప్పి, కొట్టకముందు ఆపాను. నల్లటి రబ్బరు బిళ్ల ఇంకా కర్రకే ఆని ఉంది. కీపర్ మోకాళ్లు వంచి, మెడ చాచి, ముందున్న వీపు పక్కనుంచి చూడబోతున్నాడు. ఇంకా ఏమీ కాలేదు.

నేను వీడియో నడిపే మీట నొక్కలేదు.