కాతిబు చాచా చెప్పిన తప్పు

నాకు ఉర్దూ మాట్లాడొస్తది, చదవరాదు. నిజామాబాద్‌ల పుట్టి పెరిగినోళ్లల్ల నాలాంటోళ్లు చాలామంది ఉంటరు. దోస్తులతోని నవ్వెటందుకు, బజార్ల బేరం చేసెటందుకు మాట వస్తే చాలు. చదవరాదని ఎన్నడూ సిగ్గుపడలే, బోధన్‌ల గా పని ఒప్పుకునేదాక.

వెబ్‌సైట్లు చేసుడు నా పని. అప్పటికి నాకు క్లయింట్లంటేనే విసుగు పుట్టింది. మోస్రా దిక్కు రైస్ మిల్లాయన ఒకాయన లోగో పెద్దగ చెయ్యమన్నడు, చేసినంక చిన్నగ చెయ్యమన్నడు, ఆఖరికి మొదటిదే మంచిగుండె అన్నడు. మోర్తాడ్ పసుపు వ్యాపారి ఒకాయనకు ఏ రంగూ నచ్చకపోవు. ఏ రంగు కావాలె అంటే "నువ్వే చూడన్నా, నీ పని గదే గద" అంటడు. అందుకే ఎవరన్న "కొంచెం మార్చాలె" అంటే, పూర్తిగ వినకముందే జవాబు తయారు పెట్టుకునుడు అలవాటైంది నాకు.

అట్లాంటప్పుడే బోధన్‌ల పెళ్లికార్డుల దుకాణం నడిపే ఒకామె ఫోన్ చేసింది, అందరు ఆమెను ఆపా, అంటే అక్క అంటరు. దుకాణం వాళ్ల నాయిన పెట్టింది. ఆయన కాతిబు, అంటే కలంతోని ఉర్దూను అందంగ రాసెటాయన. ఒకప్పుడు ఆ చుట్టుపక్కల పెళ్లికార్డుల మీద రాత ఆయనదేనట. చేతులు వణుకుడు మొదలైనంక మానేసిండు. దుకాణానికి ఆయన పేరే. ఆ పేరు సైటు మీద ఉర్దూల పెద్దగ రావాలె, గట్టిగ అడిగింది గదొక్కటే.

ఆమె పంపిన పేరును బొమ్మలు చేసే సాఫ్ట్‌వేర్‌ల అతికించి, బంగారు రంగు వేసి, చుట్టూ పూలతీగ పెట్టిన. నా కంటికి మస్తు కనిపించింది.

రెండు రోజులకు ఆపా ఫోన్ చేసింది.

"భయ్యా, అబ్బాకు పేరు సరిగ్గ అనిపిస్తలేదు. ఒకసారి చూడు."

చూసిన. చదవరానోనికి చూస్తే ఏం తెలుస్తది? అక్షరాలు ఇంత దగ్గరికి జరిపి పంపిన. మళ్ల ఫోన్. ఈసారి రంగు మార్చి పంపిన. మూడోసారి ఆమె ఫోను తండ్రి చేతికే ఇచ్చింది.

"బేటా, అక్షరాలు కలుస్తలేవు," అన్నడు ఆయన నెమ్మదిగ. "ఉర్దూల ఒకటి ఇంకోదాని చెయ్యి పట్టుకోవాలె. నువ్వు పంపినదాంట్ల ఒక్కొక్కటి ఒంటరిగ నిలబడ్డది. ముందు రావాల్సింది ఆఖరికొచ్చింది."

తప్పు ఎక్కడుందో వేలు పెట్టి చూపినట్టే చెప్పిండు. నాకు మాత్రం అది గా మిల్లాయన గొంతు లెక్కనే వినబడ్డది.

"చాచా, చేత్తోని రాసుడు వేరే, కంప్యూటర్ వేరే. కంప్యూటర్‌ల గిట్లనే వస్తది."

"గిట్లనే వస్తదా?"

"అందరి సైట్లు గిట్లనే ఉంటయి చాచా."

అప్పటిదాక నేను ఒక్క ఉర్దూ సైటు తెరిచి చూసినోన్ని కాదు.

"అచ్ఛా. నాకు తెల్వది బేటా, నువ్వు చదువుకున్నోనివి," అని ఫోను బిడ్డకిచ్చిండు. పీడ పోయిందనుకున్న నేను.

నెల తర్వాత నిజామాబాద్‌ల ఉర్దూ మీడియం బడి నడిపే మేడం ఒకామె పిలిచింది. నాకు ఉర్దూ పని తెలుసని చెప్పుకునేందుకు ఈ సైటే తీసి చూపెట్టిన. ఆమె కండ్లద్దాలు సర్దుకొని చూసింది.

"ఇది ఎవరు చేసిండ్రు?"

"నేనే మేడం."

ఆమె ఒక కాగితం మీద అదే పేరు కుడి దిక్కు నుంచి రాసి, నా ఫోను పక్కన పెట్టింది. ఆమె రాసింది ఒకే తీగ లెక్క సాగింది. నాది ముక్కలు ముక్కలుగ, ఎడమ నుంచి కుడికి తిరగబడి ఉంది. చదవరాని నాకు సుత అర్థమైంది.

"ఈ పేరుగలాయన చూడలేదా?" అనడిగింది.

"చూడలేదు మేడం," అన్న. చూసిండు, మూడుసార్లు చెప్పిండు అనెటందుకు నోరు రాలే.

ఇంటికొచ్చి వెతికితే, ఆ సాఫ్ట్‌వేర్‌ల ఉర్దూ కోసం మార్చాల్సిన సెట్టింగు ఒక్కటే. టీ తాగేంతసేపట్ల అయిపోయింది. ఎవరికీ చెప్పకుంట సైటు మీద పెట్టేసి ఊరుకుందామనిపించింది. రెండు రోజులు ఊరుకున్న కూడ. మూడోరోజు బోధన్ బస్సెక్కిన.

దుకాణంల ఆపా ఒక్కతే ఉంది. నేను సంగతి చెప్పినంక కార్డులు కట్టలు కట్టుకుంటనే మాట్లాడింది.

"చుట్టాలు అందరు అడిగిండ్రు, కాతిబు పేరు గిట్ల రాసిండ్రేంది అని. అబ్బా ఒక్కటే చెప్పిండు, కంప్యూటర్‌ల గిట్లనే వస్తదట అని. గది అబ్బా మాట కాదు భయ్యా, నీ మాటే."

ఆయన వెనుక అర్రల మంచం మీద కూసొని ఉన్నడు. సరిజేసిన పేరు ఫోన్ల చూపెట్టిన. దగ్గర పట్టుకొని చాలాసేపు చూసిండు.

"కంప్యూటర్ తప్పు కాదు చాచా, నాది. నాకు ఉర్దూ చదవరాదు."

"గా ముచ్చట మొదటిరోజే చెప్పొద్దా బేటా? పక్కన కూసొని చెప్పెటోన్ని గద."

తిట్టిండంటే నా మనసు తేలికైతుండెనేమో. ఆయన తిట్టలే. నాకు చాయ్ తెమ్మని బిడ్డను పిలిచిండు. ఆమె తెచ్చి, నా మొఖం చూడకుంట ముందర పెట్టి పోయింది. ఆ చాయ్ తాగేదాక నేను తలెత్తలే.

మరుసటి ఏడాది ఆపా సైటు పని వేరేటోళ్లకు ఇచ్చింది. ఎందుకని నేను అడగలే.